మెరుపు తీసిన బంతి

నవీన్‌బాబు పాలిష్ పట్టిన గచ్చు మీద నిలబడి కిందికి చూస్తే, పైన ఫ్యాను రెక్కల మీద పేరుకున్న దుమ్ము కూడా కనిపిస్తుందని జగ్గయ్యపేటలో పేరు. వ్యవసాయపు ఇంట్లో పుట్టినవాడు. పాతికేళ్ల వయసులో పొలం అన్నకి వదిలేసి, ఓ రాజస్థానీ మేస్త్రి వెనక తిరిగి, రాయి అరగదీసే మిషను పట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు నలభై తొమ్మిది. సొంత షాపుంది, మిషన్లున్నాయి, పనివాళ్లున్నారు. అయినా ఏ ఇంట్లోనైనా ఆఖరి పాలిష్ మాత్రం తనే మోకాళ్ల మీద కూర్చుని పట్టాలి. అరచేత్తో తడిమి, చెంప ఆనేంత దగ్గరగా వంగి, వెలుతురుకి ఎదురుగా చూసుకుని, అప్పుడుగానీ లేవడు.

అతని భార్య రాజ్యశ్రీ నందిగామలో ఓ జూనియర్ కాలేజీకి పి.డి. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, ఆడపిల్లల చేత ఆటలాడించి, సాయంత్రానికి తిరిగొస్తుంది. చదువుకునే రోజుల్లో జిల్లా తరఫున బాల్ బాడ్మింటన్ ఆడింది. ఉద్యోగంలో చేరాక కూడా పిల్లలకి నేర్పే వంకతో తనూ బ్యాటు పట్టేది. నాలుగేళ్ల కిందట కుడి మోకాలు దెబ్బతింది. పరుగులూ ఎగరడాలూ ఇక వద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. అప్పట్నుంచి ఈల ఊదడమే తప్ప ఆట లేదు. ఇంట్లో దాని గురించి ఏమీ అనేది కాదు. వండేది, నవ్వేది, అత్తగారు పున్నమ్మకి వేళకి మాత్రలిచ్చేది. కానీ మాటలు తగ్గిపోయాయి. కూర ఎట్టా ఉందన్నా, కాలేజీ ఎట్టా ఉందన్నా, మోకాలు ఎట్టా ఉందన్నా "బాగానే ఉందండీ" అనే ఒకే జవాబు. ఆ జవాబు వెనక ఏముందో తెలిసేది కాదు నవీన్‌బాబుకి. రాయైతే తడిమి చూస్తాడు. మనిషిని ఏం చేస్తాడు?

పోయిన వానాకాలంలో నందిగామ దగ్గర హైవే పక్కన ఓ పెద్ద హోటలు వాళ్లు పై అంతస్తులో నాలుగు లేన్ల బౌలింగ్ పెట్టారు. నున్నటి చెక్క బాట మీద బరువైన బంతిని దొర్లించి, అరవై అడుగుల అవతల నిలబెట్టిన పది పిన్నుల్ని, అంటే సీసాల్లాంటి చెక్క బొమ్మల్ని, పడగొట్టాలి. కాలేజీ పిల్లలు గోల చేస్తే రాజ్యశ్రీ ఓ శనివారం వాళ్లని తీసుకెళ్లింది. వాళ్ల బలవంతం మీద తనూ ఒక బంతి వేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"ఏవండీ, పరిగెత్తే పనే లేదు! నాలుగడుగులు నడవటం, వదలటం. భుజం, మణికట్టు, చూపు. అంతే!"

నవీన్‌బాబు అన్నం ముందు కూర్చున్నవాడు కలపడం మానేసి ఆమె ముఖం చూశాడు. నాలుగేళ్ల తర్వాత ఆ గొంతు వింటున్నాడు.

అప్పట్నుంచి మంగళవారం, శుక్రవారం కాలేజీ అయిపోగానే అక్కడికే. ఆ బౌలింగ్ చూసుకునే అమ్మాయి పేరు సూసన్. కోదాడ పిల్ల. హైదరాబాద్‌లో ఇలాంటి చోటే ఆరేళ్లు పనిచేసి వచ్చింది. రాజ్యశ్రీ చెయ్యి చూసి ముచ్చటపడి దగ్గరుండి నేర్పింది. నాలుగు నెలలయ్యాక తన పాత బంతి ఒకటి ఇచ్చి, ఆమె వేళ్లకి సరిపోయేట్టు రంధ్రాలు కూడా తొలిపించింది. పన్నెండు పౌండ్లు, అంటే ఐదున్నర కిలోలకి కాస్త తక్కువ. ముదురు నీలం మీద ఎర్రటి చారలు.

రాజ్యశ్రీ దాన్ని సంచిలోంచి తీసి చూపించినప్పుడు నవీన్‌బాబుకి మనసు చివుక్కుమంది. బంతి నిండా సన్నటి గీతలు. మసిపట్టిన గాజులా వెలవెలబోయి ఉంది. తన ఇంట్లో, తన భార్య చేతిలో, మెరుపన్నది లేని వస్తువు! ఆ వారమంతా అదే ఆలోచన.

హోటలు వాళ్లు ఆదివారం ఆడవాళ్లకి పోటీ పెట్టారు. ఆ శుక్రవారం కాలేజీలో పని ఉండి ఆటకి వెళ్లడం కుదరదని రాజ్యశ్రీ బంతిని ఇంట్లో వదిలి వెళ్లగానే నవీన్‌బాబు దాన్ని షాపుకి పట్టుకుపోయాడు. రెండు మధ్యాహ్నాలు పని మానుకుని కూర్చున్నాడు. పెయింటు షాపులో దొరికే వాటర్ పేపర్లు, అదే నీళ్లతో తడుపుతూ రుద్దే గరుకు కాగితాలు, అతనికి కొత్తేం కాదు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఎనిమిది వందలతో మొదలుపెట్టి, వెయ్యి, పదిహేను వందలు, రెండు వేలు దాకా వచ్చి, ఆ పైన పాలిష్ ముద్ద రాసి, మెత్తటి గుడ్డతో ఓపిగ్గా తోమాడు. శనివారం సాయంత్రానికి బంతి నల్లకలువలా నిగనిగలాడింది.

ఇంటికి తెస్తే పున్నమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఏందిరా నవీనూ, ఇది బంతా, సాలగ్రామమా?" అంటూనే వేలితో కుంకుమ తీసి బొట్టు పెట్టేసింది. అతను నవ్వుతూ తుడిచి రాజ్యశ్రీ చేతికిచ్చాడు.

రాజ్యశ్రీ బంతిని రెండు చేతులా పట్టుకుంది. అందులో ఆమె ముఖం, వెనక అతని ముఖం, పొంగిన బూరెల్లా కనిపించాయి. బొటనవేలితో ఆ నునుపు తడిమి చూసింది.

"ఎట్టా ఉంది?" అన్నాడు.

"చాలా బాగుందండీ," అంది. ఆ తర్వాత బట్టలు తీయాలంటూ డాబా మీదకి వెళ్లి, చాలాసేపటికిగానీ దిగిరాలేదు.

ఆదివారం ముగ్గురూ కార్లో వెళ్లారు. అక్కడ పున్నమ్మ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని ముందు వరస కుర్చీల్లో కూర్చుంది. కోదాడ, ఖమ్మం, కంచికచర్ల నుంచి మొత్తం పద్నాలుగు మంది ఆడవాళ్లొచ్చారు. రాజ్యశ్రీ బంతి తీయగానే అందరూ తిరిగి చూశారు. నవీన్‌బాబు ఛాతీ ఉబ్బింది.

మొదటి బంతి వదిలింది. అది బాణంలా దూసుకుపోయింది. అంతకుముందు అతనికి ఆమె చెప్పిందొకటుంది. బంతి కుడివైపుగా వెళ్లి, చివర్లో ఎడమకి తిరిగి, మొదటి పిన్నుకీ దాని పక్కదానికీ మధ్య సందులో పడాలట. ఇది తిరగలేదు. వెళ్లినట్టే వెళ్లి కుడి మూల రెండు పిన్నులు తీసుకుని అవతల పడింది. రెండోది కూడా అంతే. మూడోది పక్క కాలువలోకి జారింది. రాజ్యశ్రీ నిలబడే చోటు మార్చింది, నడక నెమ్మది చేసింది, మణికట్టు ఇంకాస్త తిప్పి చూసింది. బంతి దేనికీ లొంగలేదు. ఆటకి ఎప్పుడూ నూట నలభై పాయింట్లకి తగ్గని మనిషికి తొంభై ఏడొచ్చాయి. పద్నాలుగు మందిలో పదమూడో స్థానం.

వచ్చి అతని పక్కన కూర్చుని మంచినీళ్లు తాగింది. "ఇవాళ చెయ్యి బాలేదండీ," అంది, నవ్వుతూ.

ఆమె బూట్లు మార్చుకోడానికి వెళ్లినప్పుడు సూసన్ బంతిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"చేసిందెవరోగానీ మంచి పనోడు సార్. అద్దమే ఇది."

"నేనేనమ్మా," అన్నాడు నవీన్‌బాబు.

సూసన్ నాలుక కరుచుకుంది. ఇక దాచి లాభం లేదనుకుంది కాబోలు, నెమ్మదిగా చెప్పింది. "సార్, ఈ బాట మీద ముందు నలభై అడుగులూ నూనె ఉంటది. కంటికి కనపడదు. బంతి గరుకుగా ఉంటే ఆ నూనెలో కూడా కాస్త పట్టు దొరికిచ్చుకుని తిరుగుతది. నున్నగుంటే జారుతనే పోతది. గట్టిగా, జోరుగా వేసేటోళ్లకి ఫరవాలేదు. మేడం నిదానంగా వేస్తది. ఆమెకి గరుకుండాలె. నేను కావాలనే గరుకు పెట్టి ఇచ్చిన."

నవీన్‌బాబు తన చేతులకేసి చూసుకున్నాడు. స్నానాల గదిలో పాలిష్ పెట్టమని ఎవరడిగినా "వద్దండీ, తడి మీద జారిపడతారు, గరుకు రాయి వేయించుకోండి" అని పాతికేళ్లుగా చెబుతున్నది తనే.

"మరి రాజ్యానికి తెలియదా ఈ సంగతి?"

"తెలుసు సార్. నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. ఇక్కడి బంతుల్లో గరుకుది ఒకటి తీసి పెడతానన్నా. వద్దు సూసన్, ఆయన రెండు రోజులు కూర్చుని చేసిండు, అదే వేస్తా అన్నది."

తిరుగు ప్రయాణంలో కారు నందిగామ దాటింది. చివరికి నవీన్‌బాబే అన్నాడు. "నాకు చెప్పొచ్చుగా రాజ్యం."

ఆమెకి అర్థమైపోయింది. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎట్టా చెప్పనండీ? అంత ఇష్టంగా తెచ్చి చేతిలో పెడితే."

"తొంభై ఏడు తెచ్చుకునే బదులు చెప్పొచ్చు."

"మీరు బాధపడతారని."

"ఇప్పుడు పడట్లేదా?"

వెనక సీట్లోంచి పున్నమ్మ ముందుకి వంగింది. "ఏందిరా, పోట్లాడుకుంటున్నారా? కాస్త గట్టిగా మాట్లాడండి, నాకు సరిగా వినపడట్లా."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక నవీన్‌బాబు అన్నాడు. "చెడగొట్టింది నేను. బాగుచేసేదీ నేనే. కానీ ఒక్కటి. ఎట్టా ఉందని నేనడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి. బాగానే ఉందండీ అంటే కుదరదు."

"సరే," అంది రాజ్యశ్రీ. ఆ సరే అంత సులువైన సరే కాదని అతనికి తెలుసు.

మర్నాడు బంతిని గోరువెచ్చని నీళ్లలో సబ్బు వేసి కడిగి, అది తాగిన నూనె కక్కించాడు. తర్వాత షాపు ముందు కూర్చున్నాడు. గుండ్రటి బంతి ఒకచోట నిలవదుగా, అందుకు పున్నమ్మ పాత చీర మెలిపెట్టి, కుండ కింద పెట్టే చుట్టకుదురు ఒకటి చుట్టి ఇచ్చింది. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. చెయ్యే కదల్లేదు. అద్దంలాంటి నునుపు మీద గరుకు కాగితం పెట్టడం అంటే అతనికి పసిపిల్ల బుగ్గ గీరినట్టుంది. ఎదురుగా పనివాడు బెన్ని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"సార్, ఎక్కించిన పాలిష్ దించేస్తున్నారా?"

"నువ్వవతలికి పోరా, నా చెయ్యి ఆగిపోతోంది," అని కసిరి, కళ్లు మూసుకుని మొదటి రుద్దు రుద్దాడు.

నాలుగైదు రుద్దుల తర్వాత చేతికే తెలిసింది. ఇది చెడగొట్టడం కాదు. గరుకు కూడా నునుపంత సమంగా రావాలి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితే బంతి ఒక్కోసారి ఒక్కోలా తిరుగుతుంది. ఆరు ముఖాలుగా విభజించుకుని, ఒక్కో ముఖానికీ లెక్కగా అన్నే రుద్దులు, అదే బరువు, అదే తడి. గచ్చు పని కన్నా కష్టంగా తోచింది. గచ్చు చదునుగా ఉంటుంది, ఇది చేతి కింద జారిపోతూ ఉంటుంది.

ముందు ఆరు వందల కాగితంతో గరుకు పెట్టాడు. మంగళవారం తనూ హైవేకి వెళ్లి, రాజ్యశ్రీ వేస్తుంటే వెనక నిలబడి చూశాడు. ఈసారి బంతి సగం దూరంలోనే ఎడమకి తిరిగిపోయి, మొదటి పిన్నుని తప్పి ఎడమ అవతల పడింది.

"ఎట్టా ఉంది?"

ఆమె ఒక క్షణం తటపటాయించింది. "తొందర పడుతోందండీ. ఇంకాస్త ఓపిక పట్టాలి అది."

"ఎంత దూరం?"

"ఇంకో నాలుగైదు గజాలు."

ఇంటికొచ్చి వెయ్యి నంబరు పట్టాడు. శుక్రవారం కాస్త మెరుగు. వెయ్యి మీద పదిహేను వందలు గట్టిగా పట్టాడు. మళ్లీ జారింది. అలా నాలుగు వారాలు గడిచాయి. ఆమె చేత్తో గాలిలో గీసి చూపించేది, ఇక్కడ తిరుగుతోంది, అక్కడ తిరగాలి అని. అతను ఆ గీతని నంబర్లలోకి మార్చుకునేవాడు. అన్నం తింటూ అదే మాట, కాఫీ తాగుతూ అదే మాట. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఇన్ని మాటలు ఇద్దరూ ఒక్క వస్తువు గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. చివరికి వెయ్యి నంబరు పూర్తిగా పట్టి, పైన పదిహేను వందలు రెండే రెండు తేలిక చుట్లు తిప్పితే బంతి కుదురుకుంది. బాట చివరిదాకా బుద్ధిగా వెళ్లి, అక్కడ ఎవరో పిలిచినట్టు తిరిగి, సందులోకి దూరింది. పది పిన్నులూ ఒకేసారి కూలాయి.

రాజ్యశ్రీ వెనక్కి తిరిగి అతనికేసి రెండు చేతులూ చాచింది. చుట్టూ జనం ఉన్నారని గుర్తొచ్చి దించేసుకుంది. నవీన్‌బాబు చెవులు ఎర్రబడ్డాయి.

ఇరవై ముప్ఫై ఆటలయ్యేసరికి బంతి తనంతట తనే మళ్లీ నునుపెక్కడం మొదలుపెట్టింది. బాట మీద దొర్లి దొర్లి అలా అవుతుందని సూసన్ చెప్పింది. "అయితే ఇది ఒక్కసారితో తీరే పని కాదన్నమాట," అన్నాడు నవీన్‌బాబు. బాధపడాల్సింది పోయి సంతోషంగా అన్నాడు.

ఆ తర్వాతి నెల విజయవాడలో నలభై దాటిన ఆడవాళ్లకి పోటీ జరిగింది. ఇరవై ఆరు మంది. మూడు ఆటల మొత్తం చూస్తారు. ఆటకి ముందు పదిహేను నిమిషాలు చెయ్యి సరిచూసుకోనిస్తారు. బంతిని రుద్దుకోవాలంటే ఆలోపే. ఆట మొదలయ్యాక కాగితం తగలకూడదు.

రాజ్యశ్రీ రెండు బంతులు వేసి వచ్చింది. నవీన్‌బాబు ఎప్పట్లాగే అడిగాడు. "ఎట్టా ఉంది?"

"బాగానే ఉందండీ," అంది.

నాలుగేళ్లుగా విన్న జవాబే. అతను ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. రాజ్యశ్రీ తల వంచుకుంది. మళ్లీ ఎత్తింది.

"లేదండీ. బాలేదు. ఇక్కడ నూనె ఎక్కువ పోసినట్టున్నారు. తిరగట్లా. మళ్లీ మొదటి రోజు లాగే ఉంది, నాకు భయంగా ఉంది."

"ఇంకెంత టైముంది?"

"ఎనిమిది నిమిషాలు."

అతను బంతి అందుకుని బయట వరండాలోకి దాదాపు పరిగెత్తాడు. చుట్టకుదురు గచ్చు మీద పెట్టి, బంతి దాని మీద నిలబెట్టి, సీసాలో నీళ్లు పోసి తడిపాడు. సంచిలో ఆరు వందలుంది, ఎనిమిది వందలుంది. ఆరు వందలైతే ముందే తిరిగిపోతుంది. ఎనిమిది వందలు తీశాడు. రాజ్యశ్రీ ఎదురుగా కుడి కాలు చాపుకుని కూర్చుని, ఒక్కో ముఖం అవగానే బంతి తిప్పి పట్టుకుంది. అతను గొణుగుతూ రుద్దులు లెక్కపెడుతుంటే ఆమె పెదవులు కూడా ఆ అంకెలే పలికాయి. ఆరో ముఖం అయ్యేసరికి లోపల్నుంచి ఆమె పేరు పిలిచారు. చీర కొంగు లేదు, ఆట బట్టల్లో ఉంది కదా, అతని చొక్కా అంచు లాగి బంతి తుడుచుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

మొదటి ఆట నూట నలభై ఎనిమిది. రెండోది నూట యాభై ఆరు. మూడో ఆటలో వరసగా నాలుగుసార్లు పదికి పది కూల్చింది. పక్క లేన్లలో ఆడేవాళ్లు ఆగి చూశారు. నవీన్‌బాబు పిన్నులకేసి చూడలేదు. బంతి తిరిగే చోటునే చూశాడు. దాదాపు ప్రతిసారీ అదే చోటు. మూడో ఆట నూట ఎనభై మూడు. ఆమె జీవితంలో అదే ఎక్కువ.

మొత్తం మీద నాలుగో స్థానం వచ్చింది. కప్పులు ముగ్గురికే. మూడో ఆమెకీ రాజ్యశ్రీకీ ఐదు పాయింట్లే తేడా.

విజయవాడ నుంచి బయల్దేరేసరికి సాయంత్రం అయింది. ఎదురెండ కళ్లలో పడుతుంటే నవీన్‌బాబు నెమ్మదిగా నడుపుతున్నాడు. కప్పు రానందుకు ఏమని ఓదార్చాలా అని మాటలు వెతుక్కుంటున్నాడు. అతనికి ఆ అవకాశమే రాలేదు. రాజ్యశ్రీ ఊరు దాటకముందే మొదలుపెట్టింది. రెండో ఆటలో ఒంటి పిన్ను వదిలేసినందుకు తనని తాను తిట్టుకుంది. బాట బాలేదంది, వాళ్లిచ్చిన కాఫీ బాలేదంది. చివరికి, "మీ బంతి కూడా ఆఖరి రెండు సార్లూ మొండికేసింది," అంది.

"నా బంతా?"

"మరి? చివర్లో తిరగడానికి జోరు మిగల్లా. ఎనిమిది వందలు పట్టారుగా, పైన ఒక్క చుట్టు వెయ్యి పట్టి ఉంటే చివర్లో ఇంకాస్త చురుగ్గా తిరిగేది."

"ఎనిమిది నిమిషాల్లోనా?"

"చెప్పమన్నారుగా, చెబుతున్నా."

నవీన్‌బాబు కంచికచర్లలో టీ కొట్టు దగ్గర కారాపాడు. "ఎక్కడ మొండికేసిందో సరిగ్గా చూపించు," అన్నాడు. రాజ్యశ్రీ దిగి, బానెట్ మీద పేరుకున్న సిమెంటు దుమ్ములో వేలితో రెండు పొడుగాటి గీతలు గీసింది. చివర పది చుక్కలు పెట్టింది. తర్వాత బంతి వెళ్లిన దారి గీసి, అది ఎక్కడ తిరగాలో అక్కడ గట్టిగా నొక్కింది. అతను వంగి చూసి, తన వేలితో పక్కన ఇంకో గీత గీశాడు.

"అంత లోపలికి కాదండీ," అని ఆమె దాన్ని చెరిపేసింది.

టీ కొట్టతను రెండు గ్లాసులు తెచ్చి, పెట్టడానికి చోటు లేక, చేతుల్లో పట్టుకునే నిలబడ్డాడు.